సూది పట్టిన చేతులకు తోడు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున స్త్రీల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా అది గోడలవలనను బీరువాలవలనను నిలిచినది కాదు. ప్రతి సాయంకాలము తలుపు తీసి దీపము వెలిగించినవారి వలనను, ఆ తలుపు దాటి లోనికి వచ్చి కూర్చున్నవారి వలనను నిలిచినది. నలుగురు కూడుటకు ఒక చోటున్నచో ఊరికి ఎంత మేలు కలుగునో ఈ ఊరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయితే అట్టి చోటు ఇంకను ఎవరికి దొరకలేదని విచారించుట రజతోత్సవమునకు తగిన పని. అట్టివారిలో ఒక వర్గమును గూర్చియే ఈ ప్రసంగము. వారు కుట్టుపనిచేత సంసారమును ఈదుచున్న స్త్రీలు.

బీరంగూడ ఒకప్పుడు మల్లికార్జునస్వామి గుట్ట క్రింద ఒదిగియున్న చిన్న పల్లె. 1960 తరువాతి దశాబ్దములలో రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారమును, పటాన్‌చెరువున పారిశ్రామికవాడయు వెలసినవి. 1972లో పటాన్‌చెరువు చెంతనే మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ కూడ వచ్చినది. పనికొరకు జిల్లాల నుండియు ఇతర రాష్ట్రముల నుండియు జనము వచ్చి చేరినారు. పల్లె పట్టణమైనది. కర్మాగారమునకు పోవు పురుషుని కష్టము అందరికి కనబడును. అతనికి హాజరుపట్టీ కలదు. జీతపు దినము కలదు. తోటి కార్మికుడు కలడు. అతని భార్య అద్దెయింటి ముందుగదిలో మిషను ముందు కూర్చుండి చీరలకు ఫాలులు వేయుచు, అంచులకు పీకో చేయుచు, రవికెలును లంగాలును బడిపిల్లల గౌనులును దిండు గలీబులును కుట్టుచుండును. ఆమె కష్టమునకు హాజరుపట్టీ లేదు. ఆమెను అడిగినను "ఇంట్లోనే ఉంటాను" అనియే చెప్పును. దినమునకు ఆరేడు గంటలు కాలు ఆడించిన స్త్రీ తనను తాను పనిచేయుదానినని చెప్పుకొనకపోవుట ఎంత విచారకరమైన విషయము!

ఆమె కష్టములలో పెద్దది పేదరికమనుట సగము నిజము. రెండవ సగము ఒంటరితనము. అది మూడు విధములు. మొదటిది వెల తెలియని ఒంటరితనము. ఒకే వీధిలో ఇద్దరు స్త్రీలు ఒకే దుకాణమునకు ఫాలులు వేయుచుందురు. ఒకరికి ముట్టుచున్న కూలి మరియొకరికి తెలియదు. దుకాణదారునికి మాత్రము ఇద్దరి సంగతియు తెలియును. తెలిసినవాడు ఒకడు, తెలియనివారు ఇద్దరైన బేరములో ఎవరు ఓడుదురో చెప్పనక్కరలేదు. రెండవది విద్య పెరుగని ఒంటరితనము. సాదా రవికె నేర్చినామె యేండ్ల తరబడి సాదా రవికెయే కుట్టును. నాలుగిండ్ల అవతల మగ్గంపని తెలిసినామె యుండవచ్చును, కటోరి రవికె కత్తిరించుట తెలిసినామె యుండవచ్చును. పరిచయములేక ఆ విద్య ఈ గడపకు రాదు. మూడవది ఆపదలోని ఒంటరితనము. కాన్పు వచ్చినను, కాలు బెణికినను, మిషను షటిల్ అరిగిపోయినను పని ఆగును. పని ఆగినచో ఆ వారము కూలి పోవుటయే గాక, గిరాకి మరియొకచోటికి తరలిపోవును.

ఇందులకు లోకము చూపు మందు ఒకటి కలదు. పండుగనాడో పుట్టిననాడో దాతలు సభచేసి కుట్టుమిషనులు పంచుదురు. వారి మనసు మంచిదే. కాని ఏడాది తిరిగిన పిదప ఆ యిండ్లకు పోయి చూచినచో కొన్ని మిషనులమీద బట్టల మూటలుండును, కొన్నిటిమీద పిల్లల పుస్తకములుండును. యంత్రము వచ్చినది గాని కుట్టు తప్పినప్పుడు దిద్దువారు రాలేదు; దారము చౌకగా తెచ్చుకొను దారి రాలేదు; గిరాకి రాలేదు. మిషను ఇచ్చుట సులభము, తోడు ఇచ్చుట కష్టము. తోడు లేని మిషను ఇనుపముక్కయే యగునని చెప్పుట ఈ ప్రసంగముయొక్క ముఖ్యోద్దేశము.

ఈ మాట ఊహ కాదు. తెలుగునేలమీదనే దీనికి పెద్ద నిదర్శనము కలదు. గోదావరి డెల్టాలోని నరసాపుర ప్రాంతమున లేసు అల్లికలు పందొమ్మిదవ శతాబ్దములో క్రైస్తవ మిషనరీలు పేదస్త్రీలకు నేర్పిన విద్య. తరువాత అది కులములు దాటి వ్యాపించినది. లక్షకు పైబడిన స్త్రీల చేతిపనియైనది. సన్నని కొక్కెపు సూదితో వారు అల్లిన బల్లగుడ్డలును అలంకారపు వస్త్రములును ఓడలెక్కి విదేశములకు పోయినవి. మరియా మీస్ అను జర్మన్ సంఘశాస్త్రజ్ఞురాలు 1970 దశకము చివర అచ్చట పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె కనుగొన్న విషయములు మనసు కలచునవి. ఒక స్త్రీ పూవులు మాత్రమే అల్లును. మరియొక స్త్రీ అతుకుపని చేయును. వేరొకతె చివరి మెరుగు దిద్దును. దారము తెచ్చియిచ్చువాడును, అల్లిక తీసికొనిపోవువాడును మధ్యవర్తి. పూవు అల్లినామెకు అతుకువేసినామె యెవరో తెలియదు. పూర్తియైన వస్త్రము ఎట్లుండునో, ఏ దేశమున ఎంత వెలకు పోవునో తెలియదు. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు పనిచేసినను ఆనాటి కూలి రూపాయి నిండలేదు. ఆ స్త్రీలు పని చేయువారు కారనియు, ఇంటి ఇల్లాండ్రు తీరిక వేళను గడుపుకొనుచున్నారనియు వర్తకులు తలంచిరి. ఆ స్త్రీలును అట్లే తలంచుకొనిరి. లక్షమంది ఒకే సూది పట్టినను సంఘము కానందున వారు లక్షమంది ఒంటరులైరి.

తరువాతి కాలములో నరసాపురమున పొదుపు సంఘములు పుట్టినవి, స్త్రీల సహకార సంఘము ఏర్పడినది, లేసు వ్యాపార కేంద్రము వెలసినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగినదే. అయినను పేరు ఊరికి వచ్చినంతమాత్రమున కూలి అల్లినామెకు వచ్చునని నమ్మరాదు. పేరునకును కూలికిని మధ్యనున్న వంతెన సంఘమే.

సంఘము కట్టుకొని నిలిచిన స్త్రీల కథ యేదని అడిగినచో, అమెరికాదేశపు నల్లజాతి స్త్రీల కథ చెప్పదగినది. దేశము దూరమే గాని బాధ దూరము కాదు. ఒంటి రంగునుబట్టి మనిషిని హీనపరచిన దేశమది. పుట్టుకనుబట్టి మనిషిని దూరముంచిన దేశమిది. అచ్చటి నల్లజాతి స్త్రీలకు తరతరములుగా సూది కూడు పెట్టినది. కొందరికి స్వేచ్ఛ కూడ ఇచ్చినది.

ఎలిజబెత్ కెక్లీ అను స్త్రీ 1818లో వర్జీనియాలో బానిసగా పుట్టినది. సెయింట్ లూయీ పట్టణమున యజమానుల కుటుంబమును తన సూదితో పోషించినది. తనకును తన కుమారునికిని విడుదల కోరగా 1200 డాలర్లు చెల్లింపుమనిరి. పగలంతయు యజమానులకొరకు కుట్టుదానికి అంత ధనము ఎట్లు చేరును? ఆమెచేత దుస్తులు కుట్టించుకొనుచుండిన స్త్రీలే కూడి ఆ సొమ్ము అప్పుగా ఇచ్చిరి. 1855లో ఆమె స్వతంత్రురాలయ్యెను. అప్పంతయు కుట్టుపని చేసియే తీర్చెను. తరువాత వాషింగ్టను నగరమునకు పోయి అధ్యక్షుడు అబ్రహాము లింకను భార్యకు దుస్తులు కుట్టు స్థానము సంపాదించెను. అయినను తాను ఒడ్డు చేరితినని ఊరకుండలేదు. యుద్ధకాలమున బానిసత్వమునుండి తప్పించుకొని కట్టుబట్టలతో నగరమునకు వచ్చిన నల్లవారికొరకు 1862లో సహాయసంఘము స్థాపించెను. నలుగురి తోడుచేత లేచినామె నలుగురికి తోడై నిలిచినది.

ఇది ఒక్క స్త్రీ కథ. ఇక ఊరంతటి కథ చూడవలెను. అలబామా రాష్ట్రమున విల్కాక్స్ అను జిల్లా కలదు. అందు అలబామా నది మూడువైపుల చుట్టివచ్చిన గీస్ బెండ్ అను పల్లెయు, దాని ఇరుగుపొరుగు పల్లెలును ప్రత్తిచేలలో కూలిచేసిన నల్లవారివి. ఆ స్త్రీలు పనిబట్టలు చినిగిన పిదప మోకాళ్లు వెలిసిన ముక్కలను, పిండిసంచుల గుడ్డలను కత్తిరించి అతికి క్విల్టులు కుట్టుకొనెడివారు. క్విల్టనగా తెలుగిండ్ల బొంత వంటిది. చలికి కప్పుకొనుటకే గాని అమ్ముకొనుటకు కాదు.

1960 తరువాత ఆ జిల్లాలో నల్లవారు ఓటుహక్కుకై కదిలిరి. గీస్ బెండ్ వారు నది దాటి జిల్లా కేంద్రమునకు పోయి ఓటర్లుగా నమోదగుదురని 1962లో వారి పడవసేవ నిలిపివేయబడినది. అది తిరిగి వచ్చినది 2006లో. నమోదైనవారిలో కొందరిని భూస్వాములు ఇండ్లనుండి వెడలగొట్టిరి. అట్టి దినములలో, 1965 చివర, ఫ్రాన్సిస్ వాల్టర్ అను క్రైస్తవ మతాచార్యుడు ఆ దారిని పోవుచు ఒక గుడిసె ముందర తీగెమీద ఆరవేసిన బొంతలను చూచెను. ఆ పనితనమునకు ఆశ్చర్యపడి, బొంత ఒక్కింటికి 10 డాలర్ల చొప్పున కొని న్యూయార్కు నగరమున వేలమునకు పంపెను. 1966 మార్చిలో ఆ స్త్రీలు కూడి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘమును స్థాపించుకొనిరి. ‘బీ’ అనగా ఆ దేశమున ఇరుగుపొరుగువారు ఒక పనికి కలిసి కూర్చొనుట. ‘ఫ్రీడమ్’ అనగా స్వేచ్ఛ. స్వేచ్ఛకొరకు కలిసి కూర్చొని బొంత కుట్టుట యని ఆ పేరున కర్థము.

సంఘమునకు మొదట భవనము లేదు. ఎస్టెల్ విథర్‌స్పూన్ అను స్త్రీ తన యింటిలోనే పని నడిపించి, తరువాత చాలకాలము సంఘమునకు నిర్వాహకురాలైనది. సంఘము సొంతముగా ఇరువది యెకరములకు మించి భూమి కొనినది. 1969లో ఆ భూమిమీద మార్టిన్ లూథర్ కింగ్ పేర కుట్టుకేంద్రమును కట్టుకొనిరి. గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ భూమిలో కొంతభాగమును, ఓటు కోరినందుకు గూడు పోగొట్టుకొన్న కుటుంబములకు ఇండ్ల స్థలములుగా ఇచ్చిరి. కుట్టుసంఘము గృహసంఘమైనది. తరువాత బిడ్డలను చూచు కేంద్రము కూడ నడిపిరి. ఏలననగా బిడ్డ ఏడ్చుచుండగా తల్లి సూది సాగదు. 1972లో సియర్స్ అను పెద్ద వ్యాపారసంస్థకు కార్డురాయి గుడ్డతో దిండు గలీబులు కుట్టియిచ్చు ఒప్పందము దొరికినది. మిగిలిన కార్డురాయి ముక్కలను ఇండ్లకు కొనిపోయి తమ ఇష్టము వచ్చిన రంగులతో సొంత బొంతలు కుట్టుకొనిరి.

ఆ సంఘమునకు కష్టములు లేకపోలేదు. పెద్ద దుకాణములు ఒకే కొలత, ఒకే నమూనా కోరినవి. ఏ రెండు బొంతలును ఒక్కరీతిగ కుట్టని చేతులు నూరు గలీబులు ఒక్కరీతిగ కుట్టవలసివచ్చెను. కూలికొరకు ఆ శిక్షణను ఓర్చుకొనిరి. మనసుకొరకు ఇంట తమ బొంత తాము కుట్టుకొనిరి. కాలక్రమమున వృద్ధురాండ్రు తగ్గిరి, గిరాకి తగ్గెను. 2012లో సంఘము మూతపడినది. ఈలోగా 2002లో గీస్ బెండ్ బొంతలను హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాల ప్రదర్శింపగా దేశమంతయు ముక్కుమీద వ్రేలు వేసికొనినది. 2006లో అమెరికా తపాలాశాఖ ఆ బొంతల బొమ్మలతో తపాలాబిళ్లలు వెలువరించినది. కీర్తితో పాటు సొమ్ము ఎవరిది, బొమ్మ వాడుకొను హక్కు ఎవరిదియను తగవులును వచ్చి 2007లో న్యాయస్థానమునకు ఎక్కినవి. దీనినిబట్టి తెలియునది యేమనగా, సంఘమునకు ప్రేమ చాలదు, లెక్కలపుస్తకము కావలెను. ఎవరి పని యెవరి పేర పోవుచున్నదో మొదటి దినముననే వ్రాసికొనవలెను.

ఆ దేశముననే 1985లో కరొలిన్ మజ్లూమీ అను నల్లజాతి స్త్రీ, ఊరూర విడివిడిగానున్న నల్లజాతి క్విల్టుకర్తలను ఒక తాటిపైకి తెచ్చుటకు ఒక సంఘమును స్థాపించినది. దానిలోని స్త్రీలలో అనేకులకు బొంత జీవనాధారము కాదు. తమ జాతి కథను గుడ్డమీద చెప్పుకొను సాధనము. తోడు కూలికొరకే కాదు, గౌరవముకొరకును కావలెనని ఈ సంఘము చూపుచున్నది.

నల్లజాతి స్త్రీ యనగానే అమెరికావరకు పోనక్కరలేదు. హైదరాబాదు నగరమున ఏసీ గార్డ్స్ అను పేట కలదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను మాటలకు అది సంక్షేపము. వనపర్తి సంస్థానమునుండి నిజాము సైన్యమునకు వచ్చిన ఆఫ్రికాజాతి అశ్వికుల సంతతివారు అచ్చట స్థిరపడిరి. పొరుగునున్న కర్ణాటకములో ఉత్తరకన్నడ జిల్లా అడవులలో యల్లాపురము, హళియాళము, ముండగోడు ప్రాంతములయందు సిద్దీలు వసించుచున్నారు. శతాబ్దముల క్రితము ఆఫ్రికానుండి బానిసలుగా, సైనికులుగా తేబడినవారి సంతతివారు. వారిలో హిందువులును, ముస్లిములును, క్రైస్తవులును కలరు. 2003లో వారికి షెడ్యూల్డు తెగల గుర్తింపు లభించినది.

సిద్దీ స్త్రీలు పాతచీరలు, చినిగిన చొక్కాలు పొరలుగా పరచి ‘కవంద్’ అను బొంతలు కుట్టుదురు. అంచున ప్రారంభించి చుట్టును సాదాకుట్టు వేయుచు నడిమికి వత్తురు. నాలుగు మూలలను గుడ్డ మడిచి పూవులు కుట్టిననే గాని బొంత పూర్తియైనట్లు కాదు. మూలపూవు లేని బొంత దిసమొలతో నున్నట్లే యని వారి భావము. 2004లో హెన్రీ డ్రూవాల్ అను అమెరికా ఆచార్యుని ప్రోత్సాహముతో ఆ స్త్రీలు బొంతల సహకార సంఘమును ఏర్పరచుకొనిరి. క్రైస్తవ స్త్రీ శిలువగుర్తు అతికినను, ముస్లిము స్త్రీ నెలవంక అతికినను వారు ఒకే సంఘమున సభ్యులు. చలికి కప్పుకొనిన పాతగుడ్డ కళాశాలల గోడలమీద వ్రేలాడినది. అడవిలోని చేతికి ఊరు తెలిసినది. ఊరికి ఆ చేయి తెలిసినది.

ఈ కథలన్నియు విని, ఇవి పరాయి ఊళ్లవని తలంచువారు ఉండవచ్చును. ఈ జిల్లా చరిత్రను చూచినచో అట్లు తలంపరు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీల మహాసభయు జరిగినది. స్త్రీ గడపదాటుట గొప్ప సాహసమైన దినములలో స్త్రీలు సభచేసి కూర్చున్న నేల ఇది. 1937లో దుర్గాబాయిగారు మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి విధవలకును, భర్త విడిచినవారికిని చదువుతోపాటు చేతిపనులు నేర్పించిరి. సూదితోపాటు అక్షరము, అక్షరముతోపాటు నలుగురి సాంగత్యము ఉండవలెనని ఆమె ఎరిగినందువలననే అచ్చటికి వచ్చిన స్త్రీ తిరిగి ఒంటరి కాలేదు. జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగా 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండన దళిత స్త్రీలు గ్రామగ్రామమున సంఘములు కట్టి బీడునేలలలో జొన్న, సజ్జ, కొర్ర పండించిరి. 2008లో సంఘము రేడియో అను తమ ఆకాశవాణిని నెలకొల్పుకొనిరి. చదువురానివారమని వెనుకకు జరిగిన స్త్రీలు సంఘమైనందున యంత్రముముందు కూర్చుండి ఊరికి మాట చెప్పగలిగిరి.

ఇటీవలి నిదర్శనము కుట్టుపనికే సంబంధించినది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లల దుస్తులు కుట్టు పనిని 2024లో స్త్రీల స్వయంసహాయక సంఘములకు అప్పగించిరి. దుస్తుల జత ఒక్కింటికి 50 రూపాయలుగా నుండిన కుట్టుకూలిని 75 రూపాయలు చేసిరి. ఇందు ఆలోచింపదగిన దొకటి కలదు. ఈ పని ఏ ఒక్క స్త్రీ ఇంటి తలుపును తట్టి రాలేదు; సంఘము తలుపు తట్టినది. సంఘములో పేరు లేనామెకు మిషను ఉన్నను, పని తెలిసినను, ఆ జతలు ఆమె గడపకు రావు. బీరంగూడ వంటి చోట అద్దెయిండ్లలో నున్న వలస స్త్రీలలో ఎందరికి సంఘమున పేరున్నదో ఎవరికివారు తమ వీధిలో లెక్కించి చూడవలెను.

ఇక గ్రంథాలయము చేయదగినదేమి? పెద్ద ధనమక్కరలేదు. పాఠకులు సాయంకాలము వత్తురు. మధ్యాహ్నము గది ఖాళీ. వారమునకు ఒక మధ్యాహ్నము, రెండు మొదలు నాలుగున్నరవరకు, కుట్టు స్త్రీలకు ఆ గది నియ్యవలెను. చాపలు పరచి, చేతిపనితో వచ్చి కూర్చుండుమనవలెను. చేతికి పనియున్నప్పుడు నోటికి సంకోచము తగ్గును. పిల్లలను వెంట తెచ్చుకొనవచ్చునని ముందే చెప్పవలెను. ఒక మూల బొమ్మల పుస్తకములు పరచినచో పిల్లలకు అదియే మొదటి గ్రంథాలయ పాఠమగును.

అచ్చట ఒక పుస్తకము తెరువవలెను. అందు ఫాలునకు ఎంత, పీకో గజమునకు ఎంత, అస్తరు రవికెకు ఎంత, సాదా రవికెకు ఎంత యని ఎవరికి ముట్టుచున్న కూలి వారు చెప్పగా వ్రాయవలెను. పేర్లు వ్రాయనక్కరలేదు. నెలదినములు వ్రాసినచో ఆ పుటయే న్యాయాధిపతి యగును. ఇంతకు తక్కువ పుచ్చుకొనమని పదిమంది ఒక్కటిగ చెప్పగలుగుదురు. పొరుగామె పోయి తక్కువకు చేయునేమోయను భయము ఆ పుటయందే తీరును.

దారపురీళ్లు, హుక్కులు, అస్తరుగుడ్డ, సూదులు ఒక్కొక్కరు ఒక్కొక్క చోట చిల్లరగా కొనుటకంటె, నెలకొకమారు ఇద్దరు పోయి అందరికి టోకున తెచ్చినచో వెల తగ్గును. తెలిసినామె తెలియనామెకు పాత వార్తాపత్రికలమీద కత్తిరింపు నేర్పవలెను. గ్రంథాలయమున పాతపత్రికలకు కొదువ లేదు. కొలతల పట్టికలు అచ్చైన తెలుగు పుస్తకములను రెండింటినైనను కొని బీరువాలో ఉంచవలెను. ఒకామె కాన్పునకు పోయినచో ఆమె గిరాకిని ఇద్దరు పంచుకొని కుట్టి, తిరిగివచ్చిన పిదప గిరాకిని ఆమెకే మరలించు కట్టుబాటు చేసికొనవలెను. ఈ ఒక్క కట్టుబాటు నిలిచినచో సంఘము నిలిచినట్లే.

అన్నిటికంటె ముఖ్యమైనది చాప. ఆ చాపమీద ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుందురు? నారాయణఖేడు వైపు తండానుండి వచ్చిన లంబాడీ స్త్రీ అద్దములును గవ్వలును కుట్టుటలో నిపుణురాలు. మాలపల్లెనుండియు, మాదిగవాడనుండియు వచ్చినామె మిషనుమీద ఎవరికిని తీసిపోదు. ముస్లిము స్త్రీకి జరీపని తెలియును. ఒడిశానుండియో బీహారునుండియో వచ్చినామెకు తెలుగు రాకపోవచ్చును గాని సూది భాష వచ్చును. పెండ్లిచూపులలో రంగు తక్కువయని పదిమంది నోట పడిన పిల్లయు ఆ చాపమీదనే కూర్చుండును. ఆమె కుట్టిన రవికె పెండ్లికూతురికి పనికివచ్చును గాని ఆమె రంగు పనికిరాదనుట యెట్టి న్యాయము? ఈ మాటలు ఆ చాపమీదికి రానియ్యకుండుట సంఘపు మొదటి నియమము కావలెను. అమెరికా స్త్రీలు తమ సంఘమునకు స్వేచ్ఛయని పేరు పెట్టుకొనుటలో అర్థము ఇదియే. కూలి పెంచుకొనుట ఒక యెత్తు. తలయెత్తుకొనుట ఒక యెత్తు.

ఇండ్లలోని పురుషులకును ఒక విన్నపము. వారమునకు రెండున్నర గంటలు ఇల్లు విడిచి పోవు స్త్రీని "ఎక్కడికి?" అని గద్దించుటకు మారు "ఈ వారమేమి నేర్చితివి?" అని అడుగవలెను. కర్మాగారమున సంఘము లేకున్న కార్మికుని గతి యేమగునో పటాన్‌చెరువు పురుషునికి తెలియనిది కాదు. తనకు కావలసినది తన యింటి స్త్రీకి అక్కరలేదని అతడు చెప్పజాలడు.

గడ్డిపోచ ఒంటిగ నున్నచో గాలికి పోవును. వెంటిగ పేనినచో ఏనుగును కట్టును. పాతచీర ఒంటిగ నున్నచో మసిగుడ్డ యగును. నాలుగు పొరలుగ కుట్టినచో బొంతయై బిడ్డను చలినుండి కాచును. ఈ సంగతి తెలుగింటి అవ్వకు తెలియును, సిద్దీ అవ్వకు తెలియును, అలబామా నదియొడ్డు అవ్వకును తెలియును. ముగ్గురును ఒకరినొకరు ఎరుగరు గాని ముగ్గురును ఒకే విద్య నేర్చిరి. ఆ విద్యను గుడ్డలవద్దనే నిలుపక మనుష్యులవద్దకు తెచ్చుటయే మిగిలియున్న పని.

ఇరువదియైదేండ్లు తలుపు తెరచిన ఈ గ్రంథాలయము వారమునకు మరియొక మధ్యాహ్నము తలుపు తెరచుట కష్టము కాదు. రజతోత్సవపు తోరణములు వాడిపోవును, ఉపన్యాసములు మరుపునబడును. వచ్చు వారము ఆ చాప పరువబడి, నలుగురు స్త్రీలు తమ తమ సూదులతో వచ్చి కూర్చున్నచో ఈ ఉత్సవము సఫలమైనట్లు. ఆ నలుగురు నలువదిమంది యగుటకు కాలమే చాలును.